నీళ్ళు ఉన్నంత వరకు

ప్రతి ఏడూ కార్తీకమాసపు వానలు వెలిసి సరస్సు నిండుగా నిలబడ్డాక కొంగదిబ్బలో ఒక పని జరుగుతుంది. ఊళ్ళో అందరికంటే పెద్ద ఆడమనిషి చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని నీటి అంచు వెంబడే నడుస్తుంది. నీళ్ళు ఆగినచోటల్లా సర్వికర్ర పాతి, దానికి పాత చీరపేలిక కడుతుంది. పేలికకు అవతలి నేల గొర్రెల వాళ్ళది, ఇవతలి నీళ్ళు వలల వాళ్ళవి. "నీళ్ళెంత వరకో మనమంత వరకు" అని కర్రకొకసారి అంటుంది. అంతే, ఆ ఏటి తగువులన్నీ ఆ మాటతో తీరిపోయినట్టే.

ఆ ఏడు ఆ పని చెంగమ్మ జేజిది. ఆమె వెనక కర్రలమోపు మోసుకుంటూ మనవరాలు చెంగవల్లి నడుస్తోంది. వల్లికి పదిహేడేళ్ళు. మాట తక్కువ పిల్ల. బళ్ళో హాజరు పిలిచినా చెయ్యెత్తేదే గానీ నోరెత్తేది కాదు. చెప్పాల్సినవన్నీ నోటుపుస్తకంలో రాసుకునేది. "మా వల్లికి నోరు వేళ్ళ కొసల్లో ఉండాది" అనేది జేజి.

ఇరవైమూడో కర్ర పాతుతుండగా ఊరిపెద్ద మునస్వామి గట్టు మీద నుంచి పరుగున వచ్చాడు.

"పెద్దమ్మా, ఆగు! ఇంకో కర్ర పాతబాక!"

"ఏందిరా, నీళ్ళల్లో పామేమన్నా ఉందా?"

"పామైతే కొట్టుండేవాణ్ణి. కాగితం."

మునస్వామి ఆయాసం తీర్చుకుని చదివాడు. కొంగదిబ్బ వాళ్ళ బతుకంతా సరస్సు చట్టంలో నాలుగో సెక్షన్ మీద నిలబడి ఉంది. ఆ సెక్షన్‌లో ఉన్నది ఒకే ఒక్క వాక్యం: 'సరస్సునందు నీళ్ళు ఉన్నంత వరకు కొంగదిబ్బ పల్లెకారులు వలలు వేసుకొనవచ్చును.' ఆ వాక్యానికి ఇప్పుడు ఏకార్థి అర్థం తేల్చింది. 'ఉన్నంత వరకు' అంటే కాలం. నీళ్ళు లేకుండా పోయిన రోజుతో హక్కు ముగిసింది. రెండు వేసవుల కిందట సముద్రపు నీళ్ళొచ్చే మొగ ఇసకతో పూడుకుపోయి, సరస్సు పంతొమ్మిది రోజులు నెర్రెలిచ్చి ఎండిపోయింది. హక్కు ఆనాడే పోయిందట. నెలలోపు పడవలు ఒడ్డెక్కించాలి. సరస్సు అడుగు నేలను బ్యాటరీలకు ఉప్పు తీసే కంపెనీకి ఇస్తారు. కాదనేవాళ్ళు పదోరోజున కోర్టుకు వచ్చి చెప్పుకోవచ్చు.

జేజి చేతిలో కర్రతో నీటి అంచున టపటపా కొట్టింది. "ఉన్నంత వరకు అంటే ఇదిగో, ఇక్కడి వరకు! కళ్ళెదురుగా ఉండాదే! ఇంత మాట తెలియని ఆ ఏకాకి ఎవురు?"

"ఏకాకి కాదు పెద్దమ్మా, ఏకార్థి. యంత్రం." మునస్వామి చూపు తిప్పేసుకున్నాడు. "నీ కూతురు చేసిందే."

జేజి ఇరవైమూడో కర్రకు పేలిక కట్టి, మిగిలిన మోపును గట్టు మీద పెట్టేసి ఇంటిదారి పట్టింది. ఇంటి గడపలో మాత్రం ఆగి అంది: "వల్లీ, రేపు తొలి బస్సుకు పో. మీ అత్తను అడుగు."

"నేనా జేజీ?"

"నేను పోతే తిట్లే వస్తాయి. నీకు తిట్టడం రాదు గదా."

* * *

జేజి కూతురు ధనకోటి తొమ్మిదేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు ఆమె తండ్రి కోర్టు మెట్లెక్కాడు. ఇంటి పట్టాలో 'తూర్పు గట్టు వరకు' అని ఉంది. గట్టు కూడా కలిసిందా, గట్టు దగ్గరే ఆగిందా? వాయిదా వాయిదాకూ వకీళ్ళు ఆ ఒక్క మాటను ఒక్కోవైపుకు లాగారు. పద్నాలుగేళ్ళు లాగారు. తీర్పు వచ్చేనాటికి ఆయన లేడు. మాటకు రెండు నాలుకలుంటే పేదవాడి చెవులు చాలవని ధనకోటికి ఆనాడే తెలిసింది. ఆ రెండో నాలుకను కోసే యంత్రం చెయ్యాలని ఆమె పట్టుబట్టింది. చేసింది. అయిదేళ్ళుగా అది నడుస్తోంది. చట్టంలో ఏ మాటకు రెండర్థాలు వచ్చినా ఏకార్థి ఏది ఎంచితే అదే చెల్లుతుంది.

అది చేసిన మంచి కూడా తక్కువేం కాదు. మొగుడు వదిలేసి పోయిన ఆడవాళ్ళు ఇళ్ళ పథకంలో 'ఒంటరి మహిళ' కిందికి వస్తారా రారా అని ఏళ్ళ తరబడి నలిగిన గొడవను పోయిన ఏడు ఒక్క పూటలో తేల్చింది. వస్తారు అంది. వేలమందికి తలదాచుకునే ఇల్లు దొరికింది.

ధనకోటి పరిశోధనశాల గుమ్మం పక్కన నల్లరాతి మీద ఏకార్థి చట్టంలో రెండో సెక్షన్ చెక్కి ఉంది. వల్లి లోపలికి పోవడానికి జంకి, ఆ రాతిని నాలుగుసార్లు చదివింది. 'ఏకార్థి నడుస్తున్నంత వరకు అది చెప్పిన అర్థమే అర్థము.'

"ఎండలో ఎందుకే నిలబడ్డావు?" ధనకోటి బయటికి వచ్చి చెయ్యిపట్టుకుని లోపలికి తీసుకుపోయింది. తెల్ల కోటు, పలచబడ్డ జుట్టు, జేజి ముక్కు. "మా అమ్మ పంపిందా? ఏమంది?"

"ఏకాకి అంది."

ధనకోటి నవ్వబోయి ఆగిపోయింది.

గది నిండా చల్లగాలి. గోడంత తెర. ఏకార్థి పొట్టలో తెలుగు జనం మాట్లాడిన మాటలు, రాసిన కాగితాలు, పాత దస్తావేజులు, సంతల్లో పట్టిన గొంతులు అన్నీ ఉన్నాయి. వాక్యం ఇస్తే దానికి పుట్టగల అర్థాలన్నింటినీ దారాల్లాగా తెర మీద పరుస్తుంది. ఏ దారం ఎంత లావో తూస్తుంది. లావుదాన్ని ఉంచి మిగతావి కోసేస్తుంది.

"నువ్వే ఇవ్వు" అని ధనకోటి మీటలపలక ముందుకు జరిపింది.

వల్లి నాలుగో సెక్షన్ కొట్టింది. తెర మీద రెండు దారాలు లేచాయి. ఒకటి నీటి అంచులాగా వంపులు తిరుగుతూ పక్కకు సాగింది. అది చోటు. రెండోది తిన్నగా ముందుకుపోయి ఒకచోట తెగి నిలిచింది. అది కాలం. రెండింటి లావూ ఇంచుమించు ఒకటే. కింద అంకెలు పడ్డాయి: నలభైతొమ్మిది, యాభైఒకటి. టిక్కుమని చిన్న చప్పుడు. వంపుల దారం మాయమైంది.

"అది ఏమయింది అత్తా?"

"పోయింది."

"యాడికి?"

ధనకోటి మీటలపలక వెనక్కు లాక్కుంది.

"నూటికి నలభైతొమ్మిది పాళ్ళున్న మాట, నిమిషంలో యాడికి పోద్ది?"

వల్లి ఒకేసారి అన్ని మాటలు మాట్లాడటం ధనకోటి ఎన్నడూ వినలేదు. కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. "వల్లీ, ఒకటి కొయ్యకపోతే అది ఏకార్థే కాదు. ఇప్పుడు నేనేం చెయ్యాలి? ఇది మా ఊరు, ఇది మా అమ్మ అని చెప్పి తూకం మార్చాలా? మా నాయన కేసులో అవతలివాడు చేసింది ఆ పనే. నేను చెయ్యను. సరస్సు పోయినా చెయ్యను."

ఆ మాట అన్నాక ఆమె కళ్ళజోడు తీసి చాలాసేపు తుడిచింది. అద్దాలు శుభ్రంగానే ఉన్నాయి.

* * *

సాయంత్రం అత్త ఇంట్లో వల్లి ఉలవలు ఏరుతూ కూర్చుంది. ధనకోటి అల్మరాలోంచి నీలం అట్ట నోటుపుస్తకం తెచ్చి ఒళ్ళో పెట్టింది. "మూడేళ్ళ కిందట సెలవలకు వచ్చినప్పుడు మర్చిపోయి పోయావు. నేను తెరవలేదులే."

వల్లి సిగ్గుపడుతూ పేజీలు తిప్పింది. పద్నాలుగేళ్ళ నాటి గుండ్రటి అక్షరాలు. 'ఈ రోజు ఏకార్థి పడుకుంది. చల్లగొట్టాలు పాడయ్యాయంట. అత్త ఇంట్లోనే ఉంది. రొట్టెలు మాడ్చింది.' మరుసటి రోజు: 'ఏకార్థి ఇంకా లేవలేదు. అత్తా నేనూ బజారుకు పోయాము.' ఆ మరుసటి రోజూ అదే. నవ్వుకుంటూ చదువుతున్న వల్లి నవ్వు ఆరో పేజీలో ఆగిపోయింది. వేలు పెట్టి లెక్కపెట్టింది. పదకొండు రోజులు.

గుమ్మం పక్క నల్లరాయి ఆమె కళ్ళముందు నిలబడింది. నడుస్తున్నంత వరకు.

"అత్తా!" ఉలవల చేట పక్కకు జరిగింది. "ఉన్నంత వరకు, నడుస్తున్నంత వరకు. రెండూ ఒకటే మాట గదా?"

"ఒకటే."

"సరస్సు పంతొమ్మిది రోజులు లేదు. మళ్ళీ వచ్చింది. హక్కు మాత్రం రాదంది ఏకార్థి. మరి ఏకార్థి పదకొండు రోజులు నడవలేదు. మళ్ళీ నడిచింది..."

ధనకోటి చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. పొయ్యి మీద పులుసు పొంగి మంట ఆరింది. ఇద్దరూ అది గమనించలేదు.

చివరికి ఆమె నెమ్మదిగా అంది: "ఆ పదకొండు రోజులతో ఏకార్థి అధికారం పోయినట్టే. దాని మాట ప్రకారమే." తర్వాత ఇంకా నెమ్మదిగా: "అంటే ఆ తర్వాత అది చెప్పిన ప్రతి అర్థమూ పోతుంది వల్లీ. మీ నోటీసు పోతుంది. ఒంటరి మహిళల అర్థం కూడా పోతుంది. ఈ మాట కోర్టులో అంటే మన సరస్సు నిలుస్తుంది. వాళ్ళ ఇళ్ళు కూలతాయి."

వల్లి ఆ పేజీ మీద నుంచి వేలు తీసేసింది.

"చెప్పొద్దు అనను" అంది ధనకోటి. "నువ్వు రాసింది నిజం గనక. యంత్రం ఆ రోజుల్లో ఆగినట్టు నేను రాసిన పట్టీ కూడా కోర్టుకు తెస్తాను. ఏం అడగాలో మాత్రం నువ్వే తేల్చుకో."

మిగిలిన రోజుల్లో వల్లి ఆ నోటుపుస్తకంలోనే వెనక పేజీల్లో రాసింది, కొట్టేసింది, మళ్ళీ రాసింది. ఏకార్థి చచ్చిపోయిందనాలి అని రాసింది. కొట్టేసింది. మునస్వామి ఫోన్ చేసి, "ఏం మే, ఏమన్నా దొరికిందా?" అని అడిగితే "ఒక మాట దొరికింది పెదనాన్నా, దాన్ని ఎట్టా పట్టుకోవాలో చూస్తున్నా" అంది. "తోక పట్టుకోబాక, కరస్తది" అన్నాడాయన. కోర్టుకు పోయే ముందురోజు మధ్యాహ్నం ఒక్క వాక్యం రాసి, కొట్టెయ్యకుండా పుస్తకం మూసింది.

* * *

న్యాయమూర్తి వసుంధరాదేవి సన్నటి మనిషి. ఎవరు మాట్లాడుతున్నా పెన్ను మూత తీసి పెడుతూ వింటుంది. ఒకవైపు కంపెనీ వకీలు రంగప్రసాద్, ఇంకోవైపు కొంగదిబ్బ నుంచి వచ్చిన వాళ్ళు. జేజి చెప్పులు గుమ్మం బయటే విడిచి వచ్చి, బెంచీ మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుంది. ధనకోటి ఏకార్థి తెరను హాల్లో గోడకు కలిపి, దాని పక్కన నిలబడింది. తల్లీకూతుళ్ళు ఒకరినొకరు చూసుకోలేదు.

"కొంగదిబ్బ తరఫున ఎవరు?"

వల్లి లేచింది. చేతిలో పుస్తకం మూసే ఉంది. జేజి వెనక నుంచి జడ పట్టుకుని చిన్నగా లాగింది. "చూసి చదువు మే. పుస్తకం ఎందుకు తెచ్చుకున్నావు?"

వల్లి పుస్తకం తెరిచింది. పదకొండు రోజులూ చదివింది. రొట్టెలు మాడిన సంగతి కూడా చదివేసరికి హాల్లో నవ్వులు లేచాయి. ధనకోటి ముఖం ఎర్రబడింది. అయినా తన పట్టీ తీసి న్యాయమూర్తి ముందు పెట్టింది. "నిజమేనండి. పదకొండు రోజులు నడవలేదు."

రంగప్రసాద్ చిరునవ్వుతో లేచాడు. "అమ్మా, పిల్ల తెలివైనదే. కానీ యంత్రం ఆగలేదు. మరమ్మతులో ఉంది. మరమ్మతును ఆగడం అనరు."

వల్లి పుస్తకంలోకి చూసింది. దీనికి జవాబు అందులో రాసుకోలేదు. తలెత్తింది.

"మా సరస్సు కూడా అప్పుడు మరమ్మతులోనే ఉండాది సార్."

హాలు గొల్లుమంది. మునస్వామి తొడ చరిచాడు. న్యాయమూర్తి పెన్ను మూత పెట్టి నవ్వు ఆపుకుంది. "అయితే నీ కోరిక ఏమిటి? ఏకార్థి అధికారం పోయిందని ప్రకటించమంటావా?"

"వద్దమ్మా." వల్లి పుస్తకం మూసింది. కొట్టెయ్యకుండా ఉంచిన వాక్యం ఆమెకు నోటికి వచ్చు. "ఆగి మళ్ళీ వచ్చిన యంత్రానికి మీరు ఏ అర్థం ఇస్తారో, ఎండి మళ్ళీ నిండిన మా సరస్సుకూ అదే ఇవ్వండి. దాని మాటతో నిలబడ్డ ఆడవాళ్ళను పడెయ్యబాకండి. మమ్మల్నీ పడెయ్యబాకండి."

న్యాయమూర్తి పెన్ను మూత తీసి ఏదో రాసుకుంది. తర్వాత ధనకోటి వైపు తిరిగింది. "రెండు వాక్యాలనూ పక్కపక్కన పెట్టి అడగండి డాక్టర్."

తెర మీద నాలుగు దారాలు లేచాయి, వాక్యానికి రెండేసి. టిక్కుమని వంపుల దారాలు తెగాయి. మరుక్షణం మళ్ళీ మొలిచాయి. మళ్ళీ టిక్కు. మళ్ళీ మొలిచాయి. టిక్కుటిక్కుమని గోడగడియారంలాగా సాగుతూనే ఉంది.

"ఏమవుతోంది?"

"కాలం అనే అర్థం ఉంచుకుంటే, ఆ పదకొండు రోజులతో దానికి కోసే అధికారం పోతోంది" అంది ధనకోటి. "అధికారం పోతే కోసింది అతుక్కుంటోంది. అతుక్కోగానే మళ్ళీ కోస్తోంది."

చప్పుడు ఆగింది. నాలుగు దారాలూ నిలిచిపోయాయి. వాటి కింద, అయిదేళ్ళలో ఎన్నడూ రాని మాట ఒకటి వచ్చింది: 'ఈ మాటకు రెండర్థాలు ఉన్నాయి.'

రంగప్రసాద్ గబగబా లేచాడు. "యంత్రం చెడిపోయిందమ్మా! బాగు చేయించడానికి వారం గడువు ఇప్పించండి. దాని సెక్షన్‌ను అది చదవకుండా ఒక్క నిబంధన పెడితే సరిపోతుంది. డాక్టర్‌గారికి అది చిటికెలో పని."

అది నిజమే. ఒక్క వాక్యం రాస్తే చాలు, ఏకార్థి మళ్ళీ ఏకార్థి అవుతుంది. ధనకోటి ఇరవై రెండేళ్ళ పని నిలబడుతుంది. వల్లికి అది అర్థమైంది. జేజికీ అర్థమైనట్టుంది, ముడుచుకున్న కాళ్ళు కిందికి దించింది.

"చెప్పండి డాక్టర్" అంది న్యాయమూర్తి. "ఇది చెడిపోయిందా?"

ధనకోటి తెర వైపు చూసింది. ఆ వంపుల దారం కొంగదిబ్బ నీటి అంచులాగే ఉంది. చిన్నప్పుడు కర్రలమోపు మోస్తూ ఆమె నడిచిన అంచు.

"లేదండి" అంది. "ఇన్నాళ్ళకు సరిగ్గా చదివింది."

ఆ మాటతో ఆమె ఏం పోగొట్టుకుందో హాల్లో ఉన్నవాళ్ళలో కొద్దిమందికే తెలుసు. తీర్పు సాయంత్రానికి వచ్చింది. ఆగి తిరిగి వచ్చినదాన్ని లేనట్టుగా ఎంచకూడదు. సరస్సు మీద కొంగదిబ్బ వాళ్ళ హక్కు అలాగే ఉంది. ఏకార్థి ఇదివరకు చెప్పినవీ అలాగే ఉంటాయి. ఇకనుంచి మాత్రం ఒక మాటకు ఎన్ని అర్థాలున్నాయో చూపించడమే దాని పని. కోసే పని దానిది కాదు. ఎంచుకోవడం మనుషుల పని, మనుషుల ముందు, కారణం చెప్పి. ఆ నల్లరాతిని తీసేసి కొత్తది చెక్కించమని చివర ఒక ముక్క ఉంది.

* * *

మూడోరోజు పొద్దున్నే ధనకోటి కొంగదిబ్బలో బస్సు దిగింది. తెల్ల కోటు లేదు. జేజి వాకిట్లో చేపలు ఎండబోస్తూ, తలెత్తకుండానే అడిగింది: "ఏం మే కోటీ, నీ పెట్టెకు ఇప్పుడు పేరేంది? ఏకార్థి అనడానికి లేదు గదా?"

"ఇంకా పెట్టలేదమ్మా."

"తొందరేముంది? బిడ్డ నడిచేది చూసి పెడతారు పేరు." జేజి చేతులు కడుక్కుంది. "అన్నం తిని రా. పని ఉండాది."

గట్టు మీద కర్రలమోపు పెట్టిన చోటే ఉంది. పదమూడు రోజుల్లో నీళ్ళు రెండు బారలు వెనక్కు తీశాయి. ఇరవైమూడో కర్ర పొడినేల మీద, దాని పేలిక గాలికి కొట్టుకుంటూ ఉంది. అవతల గొర్రెల వాళ్ళు తమ చేతికర్రలు పట్టుకుని చూస్తున్నారు.

ధనకోటి చీర ఎగదోపుకుని నీళ్ళలోకి దిగింది. బురద చల్లగా కాలివేళ్ళ మధ్యకు వచ్చింది. అంతా అయినా ఆమె బుర్ర ఊరుకోలేదు. "అమ్మా, మధ్యలో ఆగింది గదా. నీళ్ళు కూడా జరిగాయి. మళ్ళీ మొదటి కర్ర నుంచి పాతాలా?"

జేజి ఆమెను ఎగాదిగా చూసింది. "అంత చదువు చదివావు. ఆగిన కాడి నుంచే మే, ఇంకెక్కడి నుంచి?"

వల్లి మోపులోంచి ఇరవైనాలుగో కర్ర తీసి అందించింది. అత్త పాతింది. జేజి పేలిక కట్టింది. కట్టి, ఏమీ అనకుండా వల్లి వైపు చూస్తూ నిలబడింది.

గొర్రెల వాళ్ళకు కూడా వినబడేటట్టు వల్లి అంది: "నీళ్ళెంత వరకో మనమంత వరకు!"